నాయన పనిచేసే చోటే పాప కొలువు

ఉద్యోగ జీవితం గురించి పాఠకులు అడిగే ప్రశ్నలకు సమాధానాలిచ్చే ఈ శీర్షికకు ఈసారి చిత్తూరు, తిరుపతి ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం మీద ఉన్నాయి. కన్నవాళ్లు పనిచేసే చోటే పిల్లలు కూడా ఉద్యోగంలో చేరడం మంచిదా, కాదా అన్నదే ఆ విషయం. అందువల్ల మిగిలిన ఉత్తరాలను వచ్చే సంచికకు దాచి ఈ నాలుగింటినే తీసుకున్నాను.

ప్రశ్న: నేను రేణిగుంట దగ్గరి ఒక ఫ్యాక్టరీలో 22 ఏళ్లుగా మిషన్ ఆపరేటర్‌గా పనిచేస్తున్నాను. ఐటీఐ ఫిట్టర్ చదివి, కాంట్రాక్టు కార్మికుడిగా చేరి, ఆరేళ్ల తరువాత పర్మినెంట్ అయ్యాను. మా పాప తిరుపతిలో ఇంజనీరింగ్ పూర్తి చేసింది. కాలేజీకి ఎంపికల కోసం వచ్చిన కంపెనీల్లో మా కంపెనీ కూడా ఉంది. పాప రాత పరీక్ష, రెండు ఇంటర్వ్యూలు దాటి ట్రైనీ ఇంజనీరుగా ఎంపికైంది. నేను ఎవరికీ ఒక్క మాట కూడా చెప్పలేదు. అయినా షిఫ్టు బస్సులో ‘నాయన పెట్టించినాడు’ అనే మాట అప్పుడే మొదలైంది. ఏడాది శిక్షణ ముగిశాక ఆమెను మా లైనుకే ఇన్‌ఛార్జిగా వేస్తే నేను నా బిడ్డ కింద పనిచేయాల్సి వస్తుంది. శ్రీపెరుంబుదూరులో ఇంకో ఆఫరు ఉంది, నెలకు 3 వేలు ఎక్కువ ఇస్తామంటున్నారు, కాని హాస్టల్ ఖర్చు ఉంటుంది. ఇక్కడే చేర్చమంటారా, అక్కడికి పంపమంటారా?
– పేరు వద్దన్న పాఠకుడు, రేణిగుంట

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పాప ఎంపికైన తీరు, బస్సులో జనం అనుకునే మాట, జీతంలో తేడా, హాస్టల్ ఖర్చు అన్నీ అందులో ఉన్నాయి కాని, పాప ఏమంటున్నదో ఒక్క వాక్యం కూడా లేదు. ముందు ఆమెను అడగండి. అది కూడా ఇంట్లో అందరూ కూర్చున్నప్పుడు కాకుండా, బండి మీద ఎక్కడికైనా తీసుకుపోయి అడగండి, ఎందుకంటే పదిమందిలో అడిగితే మన ఇళ్లలో ఆడపిల్లలు ‘నీ ఇష్టం నాయనా’ అని తప్పించుకుంటారు.

ఇక బస్సులోని మాట సంగతి. దానికి మీరు బదులు చెప్పకండి. పరీక్ష రాసింది, ఇంటర్వ్యూలో నెగ్గింది అని మీరు ఎంత గట్టిగా చెబితే అంతగా ‘ఏదో ఉంది’ అనుకుంటారు. రాత్రి పదిగంటల షిఫ్టులో లైను ఆగిపోయినప్పుడు ఆమె దగ్గర నిలబడి లోపమేమిటో పట్టుకుంటే, ఆ మాట తెల్లవారేలోగా దానంతటదే చల్లారుతుంది. పట్టుకోలేకపోతే మీరు లక్ష చెప్పినా చల్లారదు. ఏ విధంగా చూసినా అది ఆమె చేతిలోని పనే తప్ప మీ నోటితో అయ్యేది కాదు.

మీరు అసలు భయపడవలసింది, సరిగానే భయపడుతున్నదీ, ఆమె మీ పై అధికారి కావడం గురించి. ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను తిరుపతిలో ఒక సంస్థ సిబ్బంది విభాగంలో గుమస్తాగా చేరినప్పుడు మా నాయన అక్కడే అటెండరు. నేను చేరిన మూడో వారంలో ఆయన సెలవు చీటీ పట్టుకొని నా బల్ల ముందుకు వచ్చాడు. మా అవ్వ తద్దినానికి ఒక్కరోజు సెలవు కావాలి. చీటీని రెండు చేతులతో అందించాడు. దాని చివర ‘తమ విధేయుడు’ అని రాసి సంతకం పెట్టి ఉంది. పలక మీద నాకు ఓనమాలు దిద్దబెట్టిన గుండ్రటి అక్షరాలే అవి. నేను లేచి నిలబడ్డాను. పక్క బల్లల వాళ్లు రాయడం ఆపి చూస్తున్నారు. నాయన నన్ను ‘కూర్చో’ అనలేక, ‘కూర్చోండి సార్’ అని కూడా అనలేక, చీటీని బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే మా సూపరింటెండెంటు అటెండర్ల ఫైళ్లన్నింటినీ నా దగ్గరి నుంచి తీసి ఇంకో గుమస్తాకు అప్పగిస్తూ నాలుగు వరుసల ఉత్తర్వు రాశాడు. అందులో కారణమేమీ రాయలేదు. ఆ తరువాత నాయనా నేనూ ఆ కప్పు కిందనే తొమ్మిదేళ్లు పనిచేశాము, మా మధ్య ఒక్క కాగితం కూడా చేతులు మారలేదు.

కాబట్టి మీరు అడిగించవలసింది అలాంటి నాలుగు వరుసలనే. చాలా పెద్ద కంపెనీలు చేరేటప్పుడు నింపించుకునే ఫారంలోనే ‘మీ బంధువులెవరైనా ఇక్కడ పనిచేస్తున్నారా’ అన్న గడి ఒకటి ఉంటుంది. పాప అందులో మీ పేరు, మీ ఉద్యోగి నంబరు, మీ విభాగం స్పష్టంగా రాయాలి. అలాంటి గడి లేకపోతే విడిగా ఒక ఉత్తరం రాసి హెచ్‌ఆర్ వాళ్లకు ఇచ్చి, ముట్టినట్లు ప్రతి మీద సంతకం తీసుకోవాలి. శిక్షణ ముగిశాక క్వాలిటీ, మెయింటెనెన్స్, స్టోర్స్ వంటి వేరే విభాగంలో వేయమని అదే ఉత్తరంలో కోరవచ్చు. మీ సెలవు, మీ ఓటీ (ఓవర్‌టైం), మీ షిఫ్టు మార్పు, మీ ఇంక్రిమెంటు, మీ మీద ఏదైనా ఫిర్యాదు వస్తే దాని విచారణ, ఈ అయిదింటిలో ఏ కాగితం మీదా ఆమె సంతకం పడకూడదు. మీ లైనుకు ఆమె కాకపోయినా, ఆమె స్నేహితురాలు ఇన్‌ఛార్జి అయితే ఎలాగన్న ప్రశ్న కూడా వస్తుంది. అంత దూరం పోతే ఫ్యాక్టరీలో ఎవరూ ఎవరితోనూ మాట్లాడకూడదు. అయిదు కాగితాల దగ్గర ఆగితే చాలు.

ఇందులో పాప కంటే మీకే ఎక్కువ కష్టం ఉంది. ఆమె కొత్తగా వస్తున్నది, మీకు అక్కడ 22 ఏళ్ల స్నేహాలు, చేబదుళ్లు, చీటీ పాటలు, మాటలు లేని ఇద్దరు ముగ్గురు మనుషులు ఉన్నారు. అవన్నీ ఆమె చేరిన రోజునే ఆమె మీదికి వస్తాయి. ‘అన్నా, పాపకు చెప్పి నాకు ఆదివారం ఓటీ వేయించు’ అని ఒకరు తప్పకుండా అడుగుతారు, అడిగేది మీకు బాగా కావలసినవాడే అవుతాడు. ఆ మొదటి మనిషికి మీరు ఏం చెబుతారో అదే లైనంతా పాకుతుంది. దీనికంటే పెద్ద ఇబ్బంది ఇంకొకటుంది. ఇంజనీర్ల సమావేశాల్లో ఏ లైనులో ఎంతమంది కాంట్రాక్టు వాళ్లను తగ్గించాలి, ఏ మిషన్ తీసి రోబో పెట్టాలి అన్న మాటలు జరుగుతాయి. ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చున్నప్పుడు ఆమెకు తెలిసినది మీకు తెలియదు, మీ పక్క మిషన్ మనిషి పేరు ఆ జాబితాలో ఉన్నా ఆమె చెప్పకూడదు. ఆమె మౌనంగా ఉంటే ‘ఏం పాపా, ఆఫీసులో ఏమన్నారు’ అని మీరు గుచ్చి అడగకూడదు. మీరు ఈ ఒక్క నియమం పాటించగలరా లేదా అన్నది మీకే తెలుసు. పాటించలేననిపిస్తే శ్రీపెరుంబుదూరు బస్సు ఎక్కించండి, అందులో చిన్నతనమేమీ లేదు.

లాభం కూడా చెప్పాలి కదా. మిషన్ శబ్దంలో తేడా విని బేరింగు పోతున్నదని మీరు చెప్పగలరు, నాలుగేళ్ల కాలేజీలో ఎవరూ ఆమెకు అది నేర్పలేదు. మిషన్ మీద అతికించిన సూచనల కాగితం ఇంగ్లీషులో ఉంటుంది, మీ లైనులో దాన్ని పూర్తిగా చదివినవాళ్లు ఎందరో మీకు తెలుసు. శిక్షణ కాలంలో పాపను ఆ కాగితాన్ని తెలుగులో రాసి పెట్టమనండి. రాసేటప్పుడు మీరు ఇంట్లో పక్కన కూర్చొని ‘ఇక్కడ రాసినట్లు ఎవరూ చేయరు, ఇట్లా చేస్తారు’ అని చెప్పండి. ఇద్దరికీ పనికొచ్చే పని అది, పై అధికారుల కంటికి కనిపించే పని కూడా.

డబ్బు విషయం ఒకటి మరచిపోతారేమోనని రాస్తున్నాను. రెండు జీతాలు ఒకే గేటులోంచి వచ్చే ఇంటికి ఆ గేటు మూతపడితే రెండూ ఒకే రోజు ఆగిపోతాయి. చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడినప్పుడు పాలు పోసే రైతులతో పాటు అక్కడి ఉద్యోగుల ఇళ్లు కూడా ఎంత అల్లాడాయో ఈ జిల్లాలో ఆ వయసు వాళ్లందరికీ గుర్తే. అందుకని పాప చేరగానే ఇద్దరి జీతాలూ చూపించి పెద్ద ఇంటి అప్పు తీసుకోవద్దు. ఒక్క జీతం మీద తీరగలిగిన అప్పు వరకే పోండి.

నా అభిప్రాయం అడిగారు కనుక చెబుతున్నాను. వేరే విభాగం ఇస్తామని కంపెనీ రాతపూర్వకంగా అంటే ఇక్కడే చేరనివ్వండి. రెండు మూడేళ్లు పని నేర్చుకున్న తరువాత ఆమె ఎలాగూ ఇంకో చోటు చూసుకుంటుంది, చూసుకోవాలి కూడా. మీ లైనులోనే వేస్తామంటే మాత్రం శ్రీపెరుంబుదూరే మంచిది. ఆ 3 వేల లెక్క అసలు లెక్కలోకే తీసుకోకండి, హాస్టల్‌కు, వారాంతం బస్సులకు అది సరిపోతుంది, మిగలదు.

ప్రశ్న: మాది చిత్తూరు. నేను ఒక బడిలో ఆయాగా 18 ఏళ్లు పనిచేశాను. మా అబ్బాయి అదే బడిలో చదువుకున్నాడు, ఇప్పుడు అమెరికాలోని టెక్సస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి కంపెనీలో మెక్సికో నుంచి వచ్చిన ఒకామె ఎన్నో ఏళ్లుగా ఊడ్చి తుడిచే పని చేస్తున్నదట. ఆమె కూతురు అదే కంపెనీలో లెక్కల విభాగంలో, కొడుకు గిడ్డంగిలో ఉన్నారట. మొన్న కూతురికి పదోన్నతి వస్తే, తల్లి యూనిఫారంతోనే వచ్చి పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నదట. మా అబ్బాయి ఫోనులో అది చెప్పి, ‘అమ్మా, నువ్వు ఆయావని బడిలో నేను ఎవరికీ చెప్పలేదు’ అని ఏడ్చాడు. ఒకే కంపెనీలో పనిచేయడం ఆ లాటినోల ఆచారమా? మనవాళ్లకు ఆ సిగ్గు ఎందుకు?
– ఒక తల్లి, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: అమ్మా, మెక్సికో, ప్యూర్టోరికో, క్యూబా, ఇంకా మధ్య, దక్షిణ అమెరికా దేశాల మూలాలున్న వాళ్లను అమెరికాలో లాటినోలంటారు. 2020 జనగణన ప్రకారం వాళ్లు అక్కడ 6.21 కోట్ల మంది. అందరికీ ఒకే ఆచారముంటుందని చెప్పలేము, కొత్తగా వచ్చినవాళ్లూ, ఆ నేల అమెరికాలో చేరకముందు నుంచీ అక్కడే ఉన్నవాళ్లూ వాళ్లలో ఉన్నారు. అయితే మీరు అడిగినదానికి ఆచారం కంటే చరిత్రలోనే జవాబు దొరుకుతుంది.

మీ అబ్బాయి ఉన్న టెక్సస్‌లోనే కింగ్ రాంచ్ అనే పెద్ద పశువుల ఎస్టేటు ఉంది. ఇప్పుడు దాని విస్తీర్ణం 8 లక్షల ఎకరాల పైమాటే. దాన్ని 1853లో మొదలుపెట్టిన రిచర్డ్ కింగ్ మరుసటి ఏడు మెక్సికోలోని తమౌలిపాస్ రాష్ట్రంలో క్రూయియాస్ అనే ఊరికి పశువులు కొనడానికి పోయాడు. ఆ ఊరు కరువులో ఉంది. పశువులన్నీ అమ్మేశాక ఆ జనం ఏం తిని బతకాలి? కింగ్ ఆ ఊరి వాళ్లను కూడా తన వెంట వచ్చేయమన్నాడు. కరువుకు ఊరు విడిచిపోవడమంటే ఏమిటో మన రాయలసీమ వాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. అలా వచ్చిన కుటుంబాల వాళ్లను ‘కినేన్యోస్’, అంటే కింగ్ మనుషులు, అన్నారు. తాత గుర్రమెక్కి పశువులను కాస్తే కొడుకూ మనుమడూ అదే పని చేశారు. ఆడవాళ్లు ఎస్టేటు ఇళ్లలో, వంటశాలల్లో పనిచేశారు. తరాల తరబడి ఒకే యజమాని దగ్గర ఉన్న కుటుంబాలు అక్కడ ఎన్నో.

రైలు దారులదీ ఇలాంటి కథే. అమెరికా నైరుతి ప్రాంతంలో పట్టాలు వేసి, కంకర ఎత్తి, స్లీపర్లు మార్చినవాళ్లలో మెక్సికన్లు చాలా ఎక్కువ. వాళ్లను ‘త్రాకేరోస్’ అనేవారు. కుటుంబాలతో సహా పాత గూడ్సు పెట్టెల్లోనే కాపురం పెట్టి, తండ్రి వెనుక కొడుకు అదే గ్యాంగులో చేరిన ఇళ్లున్నాయి. పాకాలలోనో గూడూరులోనో పాత గ్యాంగ్‌మన్ క్వార్టర్లు చూసిన వాళ్లకు ఆ బతుకు కొంత ఊహకందుతుంది. 1923లో పెన్సిల్వేనియాలోని బెత్లెహెమ్ స్టీల్ కంపెనీ టెక్సస్ నుంచి వందల మంది మెక్సికన్లను తన ఉక్కు ఫ్యాక్టరీకి తీసుకుపోయింది. భాష రాని చోట, బంధువులు లేని చోట, ఎవరో ఒకరు ముందు చేరి తరువాతివాడిని పిలవడం తప్ప ఇంకో తలుపు వాళ్లకు తెరుచుకోలేదు.

అక్కడ సిఫారసుకు స్పానిష్‌లో ‘పలాంకా’ అనే మాట వాడతారు. పలాంకా అంటే మీట, బరువు లేపే కడ్డీ. అయితే పనిచేసే తల్లి గాని మేనమామ గాని తమ వాడిని తెచ్చి పెట్టించినప్పుడు, వాడు సోమవారం పనికి రాకపోతే తలవంపు వాడిని తెచ్చినవాళ్లకే. యజమానికి ఇది చవకగా దొరికే హామీ, అందుకే అతడికీ ఈ పద్ధతి నచ్చింది. మన దగ్గర సిఫారసు చేసేవాడు సాధారణంగా పైన ఉంటాడు, అతడికి పోయేదేమీ ఉండదు. మీ అబ్బాయి చెప్పినామె సిఫారసు చేసి ఉంటే, చీపురు పట్టుకొనే చేసి ఉంటుంది, తన ఇన్నేళ్ల పేరును పందెం పెట్టి చేసి ఉంటుంది. ఆ ఫొటోలో ఆమె యూనిఫారంతో నిలబడడంలో నాకు ఆ లెక్క కూడా కనిపిస్తున్నది.

దీనినంతా పూలదండ వేసి చూడనవసరం లేదు. ఎస్టేటులో ఉద్యోగంతో పాటు ఇల్లు కూడా యజమానిదే అయినప్పుడు, కొలువు వదలాలంటే గూడు కూడా వదలాలి, అలాంటి చోట విశ్వాసానికీ నిస్సహాయతకూ తేడా చెప్పడం కష్టం. కింగ్ రాంచ్‌లో ఫోర్‌మన్‌గా పనిచేసిన లారో కవాసోస్ కొడుకుల కథ ఇక్కడ గుర్తు చేసుకోవాలి. తండ్రి పేరే పెట్టుకున్న లారో ఆ ఎస్టేటులోనే పుట్టి, చదువుకొని, విశ్వవిద్యాలయ అధ్యక్షుడై, 1988లో అమెరికా విద్యా మంత్రి అయ్యాడు. ఆ దేశపు మంత్రివర్గంలో చేరిన మొదటి లాటినో ఆయనే. తమ్ముడు రిచర్డ్ సైన్యంలో చేరి 1982లో నాలుగు నక్షత్రాల జనరల్ అయ్యాడు, ఆ హోదా అందుకున్న మొదటి లాటినో కూడా ఆయనే. ఇద్దరూ తండ్రి కొలువులో ఆగలేదు. ఫోర్‌మన్ తన బిడ్డలను గుర్రమెక్కించడంతో సరిపెట్టుకోకుండా బడికి పంపాడు.

నోటి మాట మీద మనుషులను చేర్చుకునే పద్ధతికి ఇంకో ముఖం కూడా ఉంది. ఒక గుంపును లోపలికి తెచ్చే మాట మరో గుంపును బయటే ఉంచుతుంది. ఉన్నవాళ్ల బంధువులనే చేర్చుకుంటూ పోయి, ఫలానా జాతివాళ్లకు చోటే లేకుండా చేస్తే అది 1964 పౌర హక్కుల చట్టం కింద వివక్ష కాగలదని అమెరికాలో ఉద్యోగ సమానత్వాన్ని చూసే సంఘం చెబుతుంది. ప్రభుత్వ కొలువుల్లో అధికారి తన బంధువును నియమించుకోకూడదని 1967లో వాళ్లు విడిగా చట్టం కూడా చేసుకున్నారు. ప్రైవేటు కంపెనీలో తల్లీ బిడ్డలు కలిసి పనిచేయడానికి మాత్రం అడ్డు లేదు.

ఇక మనవాళ్ల సిగ్గు. అటెండరు కొడుకు ఆఫీసరయితే తండ్రిని ఇంకో ఊరికి బదిలీ చేయించే సంగతి నేను నా కొలువులో రెండుసార్లు చూశాను. ‘నాయన వయసైపోయింది, సొంతూరికి దగ్గరగా ఉంటాడని’ అన్నారు ఇద్దరూ. మనకు పని పేరు చెబితే కులం గుర్తొస్తుంది, కులం గుర్తొస్తే కూర్చునే చోటు మారుతుంది, పిల్లలు బడిలో రెండో తరగతికే అది పసిగడతారు. మీ అబ్బాయి చిన్నప్పుడు దాచింది మిమ్మల్ని కాదు, ఆ చూపు నుంచి తనను తాను దాచుకున్నాడు. ఇప్పుడు ఏడ్చాడంటే అది మీకు మంచి వార్తే. మీకు ఇష్టమైతే, ఆ బడి ముందు మీరు నిలబడిన ఫొటో ఒకటి వాడికి పంపండి. వద్దనిపిస్తే పంపకండి, చెప్పుకోవాలా వద్దా అన్నది వాడి కన్నా ముందు మీ హక్కు.

ప్రశ్న: మా నాయన రైల్వేలో ట్రాక్‌మ్యాన్. వచ్చే ఏడాది రిటైర్ అవుతారు. ముందుగానే రాజీనామా ఇస్తే ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుందని, దానికి 4 లక్షలు ఖర్చవుతుందని ఒకాయన చెబుతున్నాడు. నేను ఐటీఐ చదివాను. నిజమేనా?
– ఒక యువకుడు, పాకాల

జవాబు: నిజం కాదు. ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. రైల్వేలో అలాంటి పథకం ఒకప్పుడు ఉన్నమాట వాస్తవమే, ఆ మనిషి దానినే పట్టుకొని బతుకుతున్నాడు. భద్రతకు సంబంధించిన ట్రాక్‌మ్యాన్, డ్రైవర్ల వంటి సిబ్బంది ముందుగా పదవీ విరమణ చేస్తే అర్హుడైన బిడ్డకు ఉద్యోగమిచ్చే ఆ పథకం 2004లో వచ్చింది, 2010లో విస్తరించింది. ఇది రాజ్యాంగంలోని సమానత్వానికి విరుద్ధంగా కనిపిస్తున్నదని 2016లో పంజాబ్, హర్యానా హైకోర్టు అన్నది, సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు, 2018లో రైల్వే బోర్డు పథకాన్ని ముగించింది. సింగరేణి గనుల్లో ఇలాంటి వారసత్వ ఉద్యోగాల పథకాన్ని కూడా 2017లో హైదరాబాదు హైకోర్టు కొట్టివేసింది.

ఈ సూత్రం కొత్తది కాదు, మన రాష్ట్రం కేసుతోనే స్థిరపడింది. గ్రామ మునసబు పదవిని పాత మునసబు కుటుంబానికే ఇవ్వాలన్న 1895 నాటి మద్రాసు చట్టంలోని నిబంధనను గాజుల దశరథ రామారావు అనే ఆయన సవాలు చేస్తే, 1960 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. రాజ్యాంగంలోని 16వ అధికరణం వంశం కారణంగా ఉద్యోగంలో తేడా చూపకూడదంటున్నది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబుల వ్యవస్థనే తీసివేసింది. మన తిరుమలలో తరతరాల మిరాశీ హక్కులు (ఆలయ కొలువునూ దాని ఆదాయాన్నీ వంశపారంపర్యంగా అనుభవించే హక్కులు) కూడా 1987 చట్టంతో రద్దయి, 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించాకే నిజంగా ఆగాయి. అర్చక కుటుంబాల విషయంలో 2007లో మళ్లీ సవరణ వచ్చింది, దాని కథ వేరు.

ఉద్యోగంలో ఉండగా మరణించిన వారి కుటుంబానికి ఇచ్చే కారుణ్య నియామకం ఇంకా ఉంది. అదైనా ఇంటి దిక్కు పోయినప్పుడు ఆదుకోవడానికే తప్ప ఆస్తిలా సంక్రమించే హక్కు కాదని 1994లోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మీ నాయన ఆరోగ్యంగా రిటైర్ అవుతున్నారు, సంతోషించండి.

మీకు దారి ఉంది. ఐటీఐ ఉన్నది కనుక రైల్వేలో అప్రెంటిస్‌గా చేరండి, రైలు పెట్టెలు బాగుచేసే తిరుపతి క్యారేజ్ రిపేర్ షాపు మీకు దగ్గరే. శిక్షణ పూర్తిచేసి సర్టిఫికెట్ పొందిన అప్రెంటిస్‌లకు లెవెల్-1 (ట్రాక్‌మ్యాన్ వంటి మొదటి మెట్టు ఉద్యోగాల) నియామకాల్లో 20 శాతం కేటాయింపు ఉంది, అయితే పరీక్ష అందరితో పాటు రాయాలి. రైల్వే పని గురించి, పట్టాలు, పాయింట్లు, సిగ్నళ్ల గురించి మీ నాయనను అడగండి. 4 లక్షలు అడిగిన మనిషి కంటే ఆయనకే ఎక్కువ తెలుసు. ఆ మనిషి నుంచి రసీదో, ఫోను సందేశమో ఏదైనా ఉంటే పారేయకుండా దాచి, పోలీసులకు చూపించండి.

ప్రశ్న: నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచరును. నా కూతురు ఈ ఏడాది అక్కడే లెక్కల టీచరుగా చేరింది. స్టాఫ్ రూములో నేను ‘ఏమే’ అంటే అందరూ నవ్వుతున్నారు, ‘మేడం’ అంటే అది నవ్వుతున్నది. ఏమని పిలవాలి?
– ఒక ఉపాధ్యాయిని, చంద్రగిరి

జవాబు: పిల్లలు వినే చోట, తరగతి గదిలో, వరండాలో ‘మేడం’ అనండి, ఆమె కూడా మిమ్మల్ని ‘మేడం’ అనాలి, నవ్వు రెండు వారాల్లో తగ్గిపోతుంది. స్టాఫ్ రూములో పేరు పెట్టి పిలవండి, ‘ఏమే’ మాత్రం ఇంటికి దాచుకోండి. పరీక్షల సమయంలో ఇద్దరికీ ఒకే గదిలో పర్యవేక్షణ వేయవద్దని ప్రిన్సిపాలును ముందే కోరండి. తల్లిదండ్రుల సమావేశంలో ఎవరైనా ఆమె లెక్కల మీద ఫిర్యాదు మీతో మొదలుపెడితే, వినకుండా ఆమె బల్ల ఎక్కడుందో వేలితో చూపించండి. మధ్యాహ్నం క్యారియరు మాత్రం ఒక్కటే తెచ్చుకోండి, దానికి ఎవరూ ఏమీ అనరు.